లాభం, రెండు, మూడు

మా ఊరి ఇనప్పకొట్టు శెట్టిగారి నోటివెంట ‘ఒకటి’ అన్న మాట వచ్చేది కాదు. కొడవళ్ళు లెక్కపెట్టినా, బొక్కెనలు లెక్కపెట్టినా ‘లాభం, రెండు, మూడు’ అనే మొదలుపెట్టేవారు. ఏడు దగ్గరికొచ్చేసరికి ‘ఆరున్నొక్కటి’ అనేవారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని. ఇదేమీ ఆయన కనిపెట్టింది కాదు. పాతకాలం వర్తకులంతా అలాగే అనేవాళ్ళు, కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళదీ అదే లెక్క. కాకపోతే ఆయనంత నిష్ఠగా పాటించినవాళ్ళని నేను చూళ్ళేదు. ఇంటికొచ్చిన చుట్టాలకి విస్తళ్ళు వేయించేటప్పుడు కూడా లాభంతోనే మొదలు.

మా నాన్న ఆ కొట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమాస్తా చేశాడు. అదే కాటా పక్కన నిలబడి నాన్న మాత్రం ‘ఒకటి, రెండు, మూడు’ అనేవాడు. శెట్టిగారు విసుక్కునేవారు. “ఏమయ్యా, నీ నోటికి లాభం చేదా?” అని. నాన్న ఆయన ముందు ఏమీ అనేవాడు కాదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో అనేవాడు, “లాభం అనుకోడానికి కొట్టు ఆయనది. మనది జీతం బతుకు. మనకి కావాల్సింది ఒకటో తారీఖే” అని.

మాది రేపల్లె. తెనాలి నుంచి వచ్చే రైలు మా ఊళ్ళో ఆగిపోతుంది, ఆపైన పట్టాలు లేవు. 1916లో వేసిన లైను, ఈనాటికీ ఒక్క అడుగు ముందుకు పోలేదు. ఊరు దాటితే పెనుమూడి రేవు, రేవు దాటితే దివిసీమ. ఇప్పుడు పులిగడ్డకి వారధి ఉంది, కారులో కునుకు తీసేలోపు అవతల ఉంటారు. నా చిన్నప్పుడు పడవ కోసం గట్టు మీద కూచుని, పడవవాడు చుట్ట కాల్చుకోవడం పూర్తయ్యేదాకా ఎదురు చూడాల్సిందే. దివిసీమ వాళ్ళు చాలామంది సామాన్లకి మా ఊరే వచ్చేవాళ్ళు. నాగలి కర్రు, బండి చక్రం పట్టా, చేదతాడు, ముళ్ళకంచె, తలుపులకి మడతబందులు, ఇవన్నీ శెట్టిగారి కొట్లోవే.

బడి వదిలాక నేనూ కొట్టుకే వెళ్ళేవాణ్ణి. నాకు అక్కడ ఒక ఉద్యోగం ఉండేది. పాడైపోయిన లౌడ్‌స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాన్ని పురికొసకి కట్టి ఇచ్చేవారు. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు నేను దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ మూలమూలా తిరగాలి. రోజంతా కిందపడ్డ మేకులు టపటపా అతుక్కునేవి. అంగుళం మేకులు ఒక డబ్బాలో, రెండంగుళాలవి ఇంకో డబ్బాలో వెయ్యాలి. వంకరవి విడిగా పెడితే నాన్న సుత్తితో సాపు చేసేవాడు. ఆ మేకుల్ని కూడా తూచి అమ్మేవారు శెట్టిగారు. చేతులకి గ్రీజు వాసన, తుప్పు వాసన పట్టేసేది. అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు. ఇంత పనికీ నాకు ముట్టేది పది పైసలు. పండగ నాడు కూడా పదకొండు కాలేదు.

అందుకని మొదటే చెబుతున్నాను, ఆయన పిసినారి. ఊళ్ళో సగం మంది ఆయన్ని దేవుడంటారు. దేవుడి కొట్లో పనిచేసినవాళ్ళని కూడా ఒకసారి అడగాలి కదా.

కొట్లో చిట్టా, ఆవర్జా కాక మూడో పుస్తకం ఒకటుండేది. ఎర్ర గుడ్డ అట్ట, మూలలకి పసుపు. మిగతా కొట్లలో బిల్లు మీద ధర్మం కింద పైసో రెండు పైసలో తీసి పక్కన పెట్టేవాళ్ళు, ఏడాది చివర అది గుడికో సత్రానికో పోయేది. శెట్టిగారు రూపాయికి పైస తన లాభంలోంచి తీసేవారు, కొనేవాడి దగ్గర కాదు. దాన్ని ధర్మం అని రాసేవారు కాదు. ‘ఊరి పద్దు’ అని రాసేవారు. ఫలానా రైతు పద్దు, ఫలానా వడ్రంగి పద్దు ఎలాగో ఊరి పద్దూ అలాగే. ఊరు కూడా ఆయనకి ఒక ఖాతాదారు.

ఎందుకలా అని నాన్న ఓసారి అడిగితే చెప్పారట. పన్నెండో ఏట తండ్రి పోయి, మేనమామ వెంట ఈ ఊరొచ్చారు. పదిహేడో ఏట గంపలో తాళాలూ గొళ్ళేలూ పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మారు. ఆ గంపలో సరుకు కూడా బజార్లో ఒక ముసలి వర్తకుడు అరువిచ్చిందే. కాయితం లేదు, సాక్షి లేదు. “ఆయన పోయేనాటికి ఇంకా నలభై రూపాయలు బాకీ ఉన్నానయ్యా. ఆయనకి పిల్లల్లేరు. ఆ నలభై ఎవరికియ్యను? ఊరికే ఇస్తున్నా. వడ్డీ ఎక్కువైపోయి తీరట్లేదు, అంతే” అన్నారట.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. తెరిచి చూస్తే ఇలా ఉంటుంది: హైస్కూలు గంటకి తాడు, రెండు రూపాయల పావలా. లైబ్రరీ తలుపుకి మడతబందులు నాలుగు. స్టేషన్లో అనాథ శవం, గుడ్డకీ కట్టెలకీ ముప్ఫై ఎనిమిది. బోరింగుకి వాషర్లు. కంటి ఆపరేషన్ల క్యాంపుకి అల్యూమినియం పళ్ళేలు, వెనక్కి వచ్చినవి ఇన్ని, సొట్టపడ్డవి ఇన్ని. రైలు మా ఊళ్ళో ఆగిపోతుంది కాబట్టి, ఎక్కడో ఎక్కి నిద్రలోనే పోయినవాళ్ళు కూడా మా ఊళ్ళోనే దిగేవాళ్ళు. ఆ శవాల పద్దు ఏడాదికి మూడు నాలుగు సార్లు కనిపిస్తుంది. ఏ పేజీలోనూ ‘దానం’ అన్న మాట లేదు.

డెల్టాలో ఉంటూ నీళ్ళకి కరువేమిటని పైప్రాంతం వాళ్ళు నవ్వుతారు. సముద్రం దగ్గరవడం వల్ల మా వైపు బావి తవ్వితే ఉప్పునీళ్ళు. బ్యారేజీ నుంచి కాలవకి నీళ్ళు వదిలినన్నాళ్ళే మాకు తీపి. ఎండాకాలం రాగానే కాలవలు కట్టేస్తారు. ‘కట్టేశారు’ అంటే చాలు, ఏమిటని అడిగేవాళ్ళుండరు. కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా అవే తాగాలి. మే చివరికి వచ్చేసరికి ఆ నీళ్ళు ఆకుపచ్చగా తిరిగి, బిందెలో పటిక తిప్పితేగానీ నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్ళం.

ఆ రెండు నెలలూ కొట్టు ముందు చలివేంద్రం ఉండేది. తాటాకు పందిరి, ఇసకలో పాతిన ఆరు కుండలు, అందులో వట్టివేళ్ళు. చలివేంద్రాలు బజార్లో ఇంకా రెండు మూడుండేవి. కానీ వాటిల్లో నీళ్ళు పోసే మనిషి, వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి, కొందరికి గ్లాసిచ్చి కొందరికి దోసిట్లో పోసేవాడు. ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. శెట్టిగారు మనిషిని పెట్టలేదు. కుండ మీద మూత, మూత మీద ఒక ఇత్తడి గ్లాసు, గ్లాసుకి గొలుసు. ఎవరికి కావాలంటే వాళ్ళు ముంచుకుని తాగడమే. అందరికీ అదే గ్లాసు. తన బంధువులే కొందరు ఆ కొట్టు ముందు నీళ్ళు తాగడం మానేశారు. “మానితే మంచిదే, కుండ ఇంకో గంట వస్తుంది” అన్నారాయన.

గొలుసు మీద మాత్రం జోకులు పడేవి. ఒక టీచరుగారు అడిగారు, “ఏమండీ శెట్టిగారూ, నీళ్ళు ఉచితమే గానీ గ్లాసు మీద మా మీద నమ్మకం లేదా?”

“నమ్మకం ఉండబట్టే గొలుసేశానండీ. లేకపోతే తాళమేద్దును.”

నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆ గొలుసు ఖరీదు కూడా ఊరి పద్దులో ఉంది, కొన్న ధరకే.

1977 నవంబరు 19, శనివారం. నాకు పదేళ్ళు. అంతకు వారం ముందే ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం వైపు కొట్టింది. రేడియో పెడితే అవే కబుర్లు. ఇంకోటి వస్తోందన్నా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున్నించీ వాన, మధ్యాహ్నానికి గాలి. శెట్టిగారు కొట్టు కట్టేసి నాన్నని ఇంటికి పంపేశారు. చీకటి పడేసరికి ఆ గాలి చేసిన చప్పుడు నేను రాయలేను. రైలింజను ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టుందని అమ్మ అనేది. మా పెంకుటింటికి పెంకులు పోయాయి. నడిమింట్లో గాదె కింద దూరి, ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడుకున్నాం.

ఆదివారం తెల్లారేసరికి ఊళ్ళో నిలబడ్డ కొబ్బరిచెట్టు కనపడితే వింత. కరెంటు స్తంభాలు పడిపోయాయి, రైలు లేదు. చేతికొచ్చిన వరి నీళ్ళలో పరుచుకుపోయింది. మేం అదే పెద్ద నష్టం అనుకున్నాం. గాలి మా మీంచి పోయిందిగానీ, సముద్రం ఎక్కువగా ఎక్కింది అవతలి గట్టు మీదికని మాకప్పటికి తెలీదు. మర్నాడు రేవు దాటి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒంటి మీద గుడ్డ సరిగా లేదు. పాలకాయతిప్ప లేదన్నారు. సొర్లగొందిలో జనం లేరన్నారు. ఊరు లేకపోవడం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళకీ అర్థమైనట్టు లేదు, “లేదంటే?” అని మళ్ళీ మళ్ళీ అడిగారు.

ఆ వారం బజారు మారిపోయింది. కిరసనాయిలు, కొవ్వొత్తులు, మేకులు, రేకులు, అన్నిటికీ రెట్టింపు ధర. ఇళ్ళ కప్పులు లేచిపోయినవాళ్ళు మేకుల కోసం కొట్ల ముందు వరసలు కట్టారు. మా కొట్లో శుక్రవారం నాటి ధరే. కాకపోతే మనిషికి రెండు కిలోలకి మించి ఇవ్వనన్నారు. ఒక పెద్దరైతు, ఇరవై ఏళ్ళ ఖాతాదారు, పది కిలోలు కావాలని నానా గొడవా చేశాడు. “నీకు మేడ ఉందిగదయ్యా, ఒక వారం ఆగు” అన్నారు. ఆ రైతు మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు. ఆయన పద్దు అక్కడితో ఆగిపోయింది.

మంగళవారం సాయంత్రం కాలేజీ కుర్రాళ్ళు కొందరు, వాళ్ళ వెంట ఒక మేష్టారు కొట్టుకొచ్చారు. అవతల బట్టలున్నాయి, బియ్యం వస్తున్నాయి, పనిచెయ్యడానికి మనుషులు కూడా ఉన్నారు, గోతులు తియ్యడానికి పారలు లేవన్నారు. శెట్టిగారు ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళారు. పారలు, గునపాలు, తట్టలు బయటికి లాగారు. నాన్న పారకి కామ బిగించి ఇస్తుంటే ఆయన అందుకుని వరండాలో పేర్చారు. నేను అయస్కాంతం చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. మొదటి పార నేల మీద పెట్టి ఆయన “ఒకటి” అన్నారు.

నాన్న తలెత్తి చూశాడు. ఆయన నాన్న వంక చూడలేదు. “రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు” అంటూ అరవై దాకా పోయారు.

తర్వాత రెడ్ ఆక్సైడు డబ్బా తెరిచి, ప్రతి కామకీ చివర జానెడు మేర ఎర్రగా పూయమన్నారు. తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టడానికట. అంత కష్టంలో కూడా సరుకు తిరిగి రావాలన్న ఆలోచన మానలేదు మనిషి. రాత్రి పదిదాకా లాంతరు వెలుగులో రంగు పూశాం, నేనూ ఒక బ్రష్షు పట్టుకున్నాను. తెల్లారి ఆ కట్టలతో పాటు నాన్న కూడా పడవెక్కాడు. శెట్టిగారు వెళ్ళమనలేదు. సరుకుతో మనిషి ఉండాలి కదా అని నాన్నే వెళ్ళాడు.

ఐదోరోజు సాయంత్రం వచ్చాడు. ఇంట్లోకి రాకుండా దొడ్లోనే నిలబడి నీళ్ళు పెట్టమన్నాడు. అమ్మ కుంకుడుకాయల రసం తీసి పెట్టింది. ఒంటినిండా అది రుద్దుకున్నాక చేతులకి కిరసనాయిలు రాసుకున్నాడు, మళ్ళీ కుంకుడుకాయలు అడిగాడు. అలా మూడుసార్లు. చేతులు వాసన చూసుకోవడం, మళ్ళీ కడుక్కోవడం. అమ్మ అన్నం పెట్టి, ఎంతమందిని పూడ్చారని అడిగింది. “మొదట్లో లెక్కపెట్టాం. తర్వాత మానేశాం” అన్నాడు. అంతే. బతికినన్నాళ్ళూ ఆ ఐదు రోజుల గురించి ఆయన చెప్పింది ఆ రెండు మాటలే.

ప్రభుత్వం లెక్కలో పోయినవాళ్ళు పదివేలకి కాస్త తక్కువ. దివిసీమలో ఎవర్నడిగినా అంతకంటే ఎక్కువే చెబుతారు. ఏడాదిపాటు మా ఇంట్లో చేపలు వండలేదు. మా ఇంట్లోనే కాదు, మా వైపు చాలా ఇళ్ళలో.

పారలు నలభై ఒకటి తిరిగొచ్చాయి. ఊరి పద్దులో ఉంది: ‘పారలు 60, వచ్చినవి 41’. వాటిని కడిగించారుగానీ అమ్మకానికి పెట్టలేదు. కొత్త సరుకుతో కలపలేదు. అటక మీదికి ఎక్కించారు. సగం ధరకైనా తోసెయ్యొచ్చు కదా, ఎవరికి తెలుస్తుందని ఆయన బావమరిది అంటే, “నాకు తెలుసుగదా” అన్నారు.

మరుసటి ఏడు కాలవలకి నీళ్ళు వదిలే ముందు, చెరువు అడుక్కంటా ఎండినప్పుడు, ఆ పారలు దిగాయి. మున్సిపాలిటీ వాళ్ళు ఎప్పుడు తీయిస్తారో, కాంట్రాక్టరు ఎప్పుడొస్తాడో అని చూస్తూ కూచుంటే పూడిక అలాగే ఉండిపోతుందని, ఇంటికొక మనిషి రావాలని చాటింపు వేయించారు. పార, తట్ట ఆయనవి, సాయంత్రం మరమరాల పొట్లం, బెల్లం ముక్క కూడా ఆయనవే. మొదటిరోజు నలుగురొచ్చారు. నాలుగోరోజుకి డెబ్భైమంది. పారలు చాలక వంతులేసుకున్నారు. అప్పట్నించీ అది ఏటేటా జరిగే పనైపోయింది, ఉగాదిలాగా. పొద్దున పారలు ఇచ్చేటప్పుడూ సాయంత్రం తీసుకునేటప్పుడూ ఆయనే లెక్కపెట్టేవారు. ఎర్రకామ పారలు మాత్రం ప్రతిసారీ ‘ఒకటి’తోనే. పక్కనే తట్టలు లెక్కపెడితే ‘లాభం’. ఆ తేడా నేనూ నాన్నా తప్ప ఇంకెవరైనా గమనించారో లేదో.

ఇంత చేసినాయన మా ఇంటికి ఏం చేశాడన్నది చెప్పకపోతే లెక్క సరిపోదు.

రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన ఏడాది, 1983లో, నాకు గుంటూరులో పాలిటెక్నిక్ సీటొచ్చింది. ఫీజు, హాస్టలు, డ్రాయింగ్ బోర్డు, డ్రాఫ్టరు, అన్నీ కలిపి ఎనిమిది వందలు కావాలి. నాన్న జీతం మూడు వందలు దాటలేదు, ఆరేళ్ళుగా అదే జీతం. నాన్న ఎన్నడూ అడగనివాడు అడిగాడు, జీతం మీద అడ్వాన్సు ఇప్పించమని. నెలకి యాభై చొప్పున కోసుకోమన్నాడు.

శెట్టిగారు ఆలోచించి, “జీతం మీద అడ్వాన్సు నేనెవరికీ ఇవ్వలేదు, ఇవ్వను. పిల్లాడి చదువంటున్నావు కాబట్టి ఊరి పద్దులోంచి తీసుకో. తిరిగియ్యక్కర్లా” అన్నారు.

“నేనడిగింది నా జీతమండీ. ధర్మం కాదు” అన్నాడు నాన్న.

“అది ధర్మం అని నేనెప్పుడన్నాను?”

“ఊరి పద్దు ఊరికండీ. నేను ఊరు కాదు, మీ గుమాస్తాని.”

నేనక్కడే ఉన్నాను. ఇద్దరి గొంతులూ పెద్దగా లేవలేదు. నాన్న ఆవర్జా మూసి, కలం దాని మీద పెట్టి, చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు. రెండు వారాలు ఇద్దరికీ సరుకు మాటలే తప్ప మాటల్లేవు. అమ్మ గాజులు తాకట్టుకెళ్ళాయి, మూడేళ్ళకి విడిపించుకున్నాం. ఆ ఉగాదికి కొత్త పుస్తకాలు తెరిచినప్పుడు నాన్న జీతం డెబ్భై ఐదు పెరిగింది. నోటితో చెప్పలేదాయన, ఆవర్జాలో నాన్న పేరెదురుగా అంకె మార్చి నాన్న ముందు పెట్టారు. నాన్న కూడా ఏమీ అనలేదు, మసిపీల్చే కాయితం అద్ది పేజీ తిప్పాడు.

రైల్లో చచ్చిపోయిన ముక్కూమొహం తెలీనివాడికి కట్టెలు కొన్న మనిషికి, పదహారేళ్ళు పక్కన నిలబడ్డ గుమాస్తా అడిగింది ఎందుకు అర్థం కాలేదు? చాలాకాలం ఆయన మీద నాకు కోపంగానే ఉండేది. ఇప్పుడు నేనూ పదిమందికి జీతాలిచ్చే పని చేశాక కొంచెం తెలుస్తోంది. ఊరు ఎదురుగా నిలబడి అడగదు, ఎంతివ్వాలో మనమే అనుకుని ఇస్తాం. పక్కనున్నవాడు ఇంత కావాలని అడుగుతాడు, అదీ తన హక్కుగా అడుగుతాడు. అది ఇవ్వడం చాలా కష్టం. కోపం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు.

1987లో మున్సిపల్ చైర్మన్ని నేరుగా జనమే ఎన్నుకునే ఎన్నికలొచ్చాయి. నలుగురూ చేరి ఆయన్ని నిలబెట్టారు. ఓడిపోయారు. ఓడిపోవడంలో ఆశ్చర్యం లేదు, ప్రచారానికి వెళ్ళినవాడు ఓటడక్కుండా ‘మీ వీధి కాలవలో చెత్త వేసిందెవరు?’ అని అడిగితే ఎవరు వేస్తారు? పోస్టర్లకీ రిక్షా మైకుకీ అయిన ఖర్చు ఊరి పద్దులో రాయొచ్చు కదా అని నాన్న ఎగతాళిగా అంటే, “అది నా సరదా పద్దు” అని సొంత ఖర్చులో రాసుకున్నారు. ఆ నెల చెరువు పని మాత్రం ఆగలేదు, గెలిచినాయన కూడా వచ్చి ఒక తట్ట మోసి ఫొటో దిగాడు.

1990 మే 9న ఇంకో పెద్ద తుఫాను, అదీ కృష్ణ సముద్రంలో కలిసేచోటే. ఈసారి ముందే కబురందింది, జనాన్ని లారీల్లో తరలించారు. రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది వందల అరవై ఏడుమంది పోయారు. తక్కువేం కాదు. కానీ 77 చూసినవాళ్ళం కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. ముందురోజు కొట్లో చేదతాళ్ళన్నీ కప్పులు కట్టుకోడానికి వెళ్ళిపోయాయి. డబ్బులు తర్వాతన్నారు, చాలామంది తెచ్చిచ్చారు కూడా. తుఫాను వెళ్ళాక ఆయన మొదట చేసిన పని నిచ్చెనేసుకుని అటక ఎక్కడం. పారలు ఎక్కడివక్కడే ఉన్నాయో లేదో చూసి దిగారు. దించమనలేదు.

2003 చలికాలంలో పోయారు. అప్పటికి కొట్టు కొడుకుల చేతికొచ్చి పదేళ్ళయింది. నాన్న కూడా మానేసి ఇంటిపట్టునే ఉన్నాడు. నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి శ్మశానం నుంచి తిరిగొస్తున్నారు. దివిసీమ వాళ్ళు రెండు పడవల్లో వచ్చారని చెప్పుకున్నారు. వాళ్ళలో సగంమందికి ఆయన మొహం కూడా తెలీదట, వాళ్ళ నాన్నలు వెళ్ళమంటే వచ్చారు.

పన్నెండోరోజు అయ్యాక పెద్దకొడుకు నాన్నకి కబురు పెట్టాడు. కొట్టు పడగొట్టి టైల్సు షోరూము కడతామని, పాత సామాను తీసేస్తున్నామని, ఏమన్నా కావాలంటే తీసుకోమని. నాన్నతో నేనూ వెళ్ళాను. కాటా అడుగుతాడనుకున్నాను. ఎర్ర అట్ట పుస్తకం అడిగాడు. అది నా చేతికిచ్చి, నిచ్చెన వెయ్యమన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, వద్దంటే వినలేదు. అటక మీంచి ఒక్కొక్క పారా అందిస్తే నేను కింద పెట్టాను. రేకులు అరిగి సగమయ్యాయి, కామలు రెండు మూడుసార్లు మార్చినట్టున్నారు, అయినా ప్రతిదానికీ చివర ఎర్ర రంగుంది. కామ మార్చినప్పుడల్లా మళ్ళీ పూయించారన్నమాట.

చెరువు కావలి కుర్రాడు రిక్షా తెచ్చి బయట నిలబడ్డాడు, అవి వాళ్ళ షెడ్డులో పెట్టుకుంటామన్నాడు. నాన్న నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, ఎన్ని ఇస్తున్నామో లెక్క రాసుకోరా అన్నాడు నాతో. పుస్తకం తెరిచి కలం తీశాను. నాన్న మొదటి పార ఎత్తి రిక్షాలో పెట్టాడు.

“లాభం” అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ఆయన నా వంక చూడలేదు.

“రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరున్నొక్కటి.”

పందొమ్మిది ఉన్నాయి. రాసుకున్నాను.